పట్టపగలే చుక్కలు

నీలి లైటు పెట్టిన అక్వేరియం ముందు ఐదు నిమిషాలు నిలబడిన వాళ్ళని ఎవర్నైనా అడగండి, ఏదో ఒక కంప్లైంట్ చెప్తారు. "చేపలు మసకగా ఉన్నాయి, అద్దం తుడిచి ఎన్నాళ్ళయిందో" అంటారు ఒకరు. "గాల్లో సన్నటి మెరుపు చుక్కలు పాకుతున్నాయి, నాకేనా అందరికీనా?" అని ఇంకొకరి అనుమానం. "బయటికొచ్చాక ట్యూబ్‌లైటు పచ్చగా కనిపించింది" అనేవాళ్ళు ఉంటారు. "ఫోటో తీస్తే అంతా నీలి ముద్ద, పైగా అడ్డంగా చారలు" అని ఫోన్‌ని తిట్టేవాళ్ళు ఎలాగూ ఉంటారు.

వీటికి మన హాస్టల్ సర్కిల్స్‌లో దొరికే జవాబులు రెండే రెండు. ఒకటి, "బ్లూ లైట్ కళ్ళకి మంచిది కాదు రా, బ్లూ కట్ గ్లాసెస్ తీసుకో." రెండోది, "అదంతా నీ భ్రమ." నాకు రెండూ నచ్చవు. మొదటిది భయపెట్టి ఏదో ఒకటి కొనిపిస్తుంది. రెండోది, ఎదుటివాడు నిజంగా చూసినదాన్ని చూడలేదని తేల్చేస్తుంది. ఇద్దరిలో ఒక్కరు కూడా ఇంకో నిమిషం అక్కడే నిలబడి సరిగ్గా చూద్దాం అనరు.

ఆ నిమిషం నిలబడమనే నేను చెప్పేది. నీలి ట్యాంకు ముందు కనిపించే వింతల్లో చాలావరకు ట్యాంకులో ఉండవు, మన కంట్లో ఉంటాయి. అవి జబ్బు కాదు, భ్రమ కూడా కాదు. కన్ను అసలు ఎలా తయారైందో మనకి కనిపించే అరుదైన సందర్భాలు. పైసా ఖర్చు లేకుండా ఎవరికి వాళ్ళు టెస్ట్ చేసుకోవచ్చు. టెస్ట్ చేయకుండానే కన్‌క్లూజన్‌కి వచ్చేయడం మన బ్రాంచ్ వాళ్ళకి అస్సలు తగదు.

అసలు ట్యాంకుకి నీలి లైటే ఎందుకు అనే సంగతి ముందు చెప్పాలి. ఇది సముద్రపు ట్యాంకుల నుంచి వచ్చిన అలవాటు. నీళ్ళు ఎర్ర వెలుగుని ముందు మింగేస్తాయి. సముద్రంలో కొన్ని మీటర్లు దిగేసరికి ఎరుపు దాదాపు ఉండదు, నీలం మాత్రం చాలా లోతుకి వెళ్తుంది. పగడాల ఒంట్లో ఉండే సూక్ష్మమైన నాచు ఆ నీలి వెలుగుతోనే బతుకుతుంది. అందుకే విదేశాల్లో పగడాల ట్యాంకులు పెంచేవాళ్ళు 420 నుంచి 460 నానోమీటర్ల మధ్య వెలుగిచ్చే లైట్లు వాడతారు. ఆ వెలుగులో పగడాలు ఆకుపచ్చగా, నారింజగా మెరుస్తాయి కూడా. వాటిలోని ప్రొటీన్లు నీలాన్ని మింగి వేరే రంగుని బయటికి పంపిస్తాయి. (అలాంటి ఒక ప్రొటీన్‌ని జెల్లీ ఫిష్‌లో కనిపెట్టినందుకు, దాన్ని జీవశాస్త్రంలో పనికొచ్చేలా చేసినందుకు 2008లో కెమిస్ట్రీ నోబెల్ ఇచ్చారు.) మన దేశంలో రాతి పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జీవులు. సముద్రంలోంచి తీసి అమ్మితే నేరం. కాబట్టి మనం చూసే నీలి ట్యాంకుల్లో ఎక్కువశాతం మామూలు మంచినీళ్ళ చేపలవే. లైటు మాత్రం పగడాల స్టైల్‌ది. వచ్చింది ఫ్యాషన్‌గానే, ఇప్పుడు షాపుల్లో సెటిలైపోయింది.

ఆ లైటు కింద గోల్డ్ ఫిష్‌ని చూడండి. పేరుకే గోల్డ్, బొగ్గులా ఉంటుంది. నారింజ రంగు చర్మానికి తిప్పి పంపడానికి ఎరుపు, పసుపు కావాలి. లైటులోనే అవి లేకపోతే అది ఏం పంపుతుంది? నియాన్ టెట్రా అని చిన్న చేప ఉంటుంది, పైన నీలి గీత, కింద ఎర్ర గీత. శుద్ధ నీలి లైటులో పై గీత దీపంలా వెలుగుతుంది, కింది గీత నల్లబడిపోతుంది. ఇది మాత్రం పూర్తిగా లైటు సంగతే, కంటికి సంబంధం లేదు. చేప కొనేటప్పుడు తెల్ల లైటు వేసి చూపించమని అడగడం మీ హక్కు. చీర కొనేటప్పుడు మన అమ్మలు షాపు గుమ్మం దాకా తెచ్చి పగటి వెలుగులో చూస్తారు కదా, అదే లాజిక్.

ఇక మసక. అద్దం శుభ్రంగానే ఉంటుంది, నీళ్ళూ శుభ్రంగానే ఉంటాయి. తేడా ఫోకస్‌లో ఉంది. ఏ కటకమైనా నీలాన్ని ఎక్కువ వంచుతుంది, ఎరుపుని తక్కువ వంచుతుంది. అందుకే ఒక్క కటకంతో అన్ని రంగుల్నీ ఒకే చోట ఫోకస్ చేయడం కుదరదు. కెమెరా లెన్స్ చేసేవాళ్ళు రకరకాల గాజులు కలిపి ఈ తేడాని సరిచేస్తారు. కంటికి ఆ ఏర్పాటు లేదు. ఎరుపు చివర నుంచి నీలం చివర దాకా మన కంటి ఫోకస్‌లో తేడా సుమారు 2 డయాప్టర్లు. మైనస్ రెండు పవర్ ఉన్న ఫ్రెండ్‌ని అద్దాలు తీసేసి క్లాసులో బోర్డు చదవమనండి, 2 డయాప్టర్లంటే ఎంతో తెలుస్తుంది. కన్ను మామూలుగా మధ్యలో ఉండే పసుపు, ఆకుపచ్చలకి ఫోకస్ పెట్టుకుంటుంది. దాంతో నీలం రెటీనా దాకా రాకముందే ఫోకస్ అయిపోతుంది. అంటే నీలం విషయంలో మనందరికీ ఎంతో కొంత షార్ట్ సైట్ ఉన్నట్టే, అద్దాలు ఉన్నా లేకపోయినా. రాత్రిపూట రోడ్డు మీద నీలి ఎల్‌ఈడీ బోర్డుల అక్షరాలు దూరం నుంచి కరిగిపోయినట్టు ఉండి, దగ్గరికి వెళ్ళేకొద్దీ గట్టిపడేది కూడా ఇందుకే. ట్యాంకు దగ్గర ఇదే చేసి చూడండి. పది అడుగుల దూరం నుంచి ఒకసారి, అడుగున్నర దూరం నుంచి ఒకసారి.

పవర్ ఎక్కువ ఉన్న అద్దాల వాళ్ళకి ఇంకో బోనస్ ఉంది. ఎరుపు, నీలం ఎల్‌ఈడీలు రెండూ ఉన్న ట్యాంకుని అద్దాల అంచు నుంచి చూస్తే, ఒకే మెరుపు రెండుగా చీలి ఎర్రది ఒకచోట, నీలిది కాస్త పక్కన కనిపిస్తాయి. తల తిప్పితే ఆ రెండింటి మధ్య దూరం మారుతుంది. పాలీకార్బొనేట్ లెన్సుల్లో ఇది మరీ ఎక్కువ, ఎందుకంటే ఆ మెటీరియల్ రంగుల్ని ఎక్కువగా విడదీస్తుంది. పగలని లెన్స్ అని గర్వంగా కొనుక్కున్న వాళ్ళు దీన్ని తమ కంటి లోపం అనుకోనక్కర్లేదు.

ఫోకస్ ఒక్కటే అయితే కథ చిన్నదే. రెటీనా కూడా నీలాన్ని పెద్దగా పట్టించుకోదు. రంగుల్ని గుర్తించే కోన్ కణాలు మనకి మూడు రకాలు. నీలాన్ని పట్టుకునే రకం మొత్తం కోన్లలో పదిశాతం కూడా ఉండదు. ఇంకా వింత ఏంటంటే, చూపుకి సరిగ్గా నడిబొడ్డున, అంటే మనం అక్షరాలు చదవడానికి వాడే చోట, అవి అసలు లేవు. చెయ్యి చాచి పట్టుకుంటే ఆ ఖాళీ సైజు ఒక పెసర గింజంత. అయినా ఎవరికీ అక్కడ కన్నం కనిపించదు. పక్కన ఉన్నదాన్ని బట్టి మెదడు పూడ్చేస్తుంది. కానీ నల్లటి కాగితం మీద ముదురు నీలం చుక్క పెట్టి దూరం జరుగుతూ నేరుగా దాన్నే చూస్తే, ఒక దశలో నీలానికీ నలుపుకీ తేడా పోతుంది. తెల్ల కాగితం మీద పసుపు చుక్కకీ అదే గతి.

కంప్యూటర్ సైన్స్ వాళ్ళకి ఈ విషయం వేరే రూపంలో పరిచయమే. రంగు ఫోటోని బ్లాక్ అండ్ వైట్ చేసేటప్పుడు ఎరుపుకి 0.2126, ఆకుపచ్చకి 0.7152, నీలానికి 0.0722 అని గుణకాలు వాడతాం. ల్యాబ్‌లో ఆ లైన్ కాపీ చేసి ముందుకెళ్ళిపోతాం. 0.0722 ఎక్కణ్ణుంచి వచ్చింది? స్క్రీన్ ఫార్ములా రాసినవాళ్ళు ఊహించుకున్నది కాదు. మనుషుల కళ్ళ మీద కొలతలు తీసి, దాన్నుంచి లెక్కగట్టింది. స్క్రీన్ మీద తెలుపు ఇచ్చే వెలుతురులో నీలం వాటా ఏడు శాతం చిల్లర. మూడు ప్రైమరీల్లో నలుపుకి అతి దగ్గరగా ఉన్నది అదే. నల్లనయ్య అని పిలుచుకునే కృష్ణుణ్ణి మనవాళ్ళు క్యాలెండర్ మీద నీలంగా వేస్తే ఎవరూ అడ్డుచెప్పకపోవడం నాకు ఈ నంబర్ చూసినప్పుడల్లా గుర్తొస్తుంది. దీనికీ దానికీ సంబంధం ఉందని నేను అనట్లేదు, సరదాగా ఉంటుంది అంతే.

ఇప్పుడు అసలు హీరో దగ్గరికి వద్దాం, ఆ పాకే చుక్కలు.

ట్యాంకు వెనక గోడ మొత్తం సమానంగా నీలంగా వెలుగుతున్నప్పుడు, చేపల్ని వదిలేసి ఆ ఖాళీ నీలం మీద చూపు నిలిపితే కొన్ని సెకన్లలో మొదలవుతాయి. సన్నటి తెల్లటి చుక్కలు, వంకర టింకరగా చకచకా పరిగెత్తుతాయి, ఒక్కోటి సెకను కూడా ఉండదు. వెనకాల కొంచెం నల్లటి తోక ఉన్నట్టు అనిపిస్తుంది. కాసేపు ఓపిక పడితే ఇంకోటి గమనిస్తారు. ఒక చుక్క వెళ్ళిన దారిలోనే కాసేపటికి ఇంకో చుక్క వెళ్తుంది. వాటికి రోడ్లున్నాయి. సరిగ్గా చూపు మధ్యలో మాత్రం అవి రావు. ఇప్పుడు మణికట్టు మీద వేలు పెట్టి నాడి చూస్తూ చుక్కల్ని చూడండి. వాటి వేగం నాడితో పాటు ఎగసి తగ్గుతుంది.

అవి మీ తెల్ల రక్తకణాలు. అక్షరాలా. వాటి కదలికని లైవ్‌లో చూస్తున్నారు.

ఎలాగంటే, మన రెటీనాలో రక్తనాళాలు వెలుగుని పట్టుకునే కణాలకి ముందు వైపు ఉంటాయి. వెలుగు ఆ నాళాల గుండా వచ్చాకే కణాల మీద పడుతుంది. ఫోన్ కెమెరా సెన్సార్లలో పాత డిజైన్ ఇలాగే ఉండేది, వైరింగ్ ముందు, సెన్సార్ వెనక. తర్వాత కంపెనీలు దాన్ని తిరగేసి వైరింగ్ వెనక్కి పెట్టాయి. ఆక్టోపస్ కంట్లో వైరింగ్ మొదట్నుంచీ వెనకే ఉంది. మనకి ఆ అప్‌డేట్ రాలేదు. సరే, ఆ నాళాల్లో నిండా ఎర్ర రక్తకణాలు. ఎర్ర కణాల్లోని హిమోగ్లోబిన్ 415, 430 నానోమీటర్ల చుట్టుపక్కల నీలి వెలుగుని గట్టిగా మింగేస్తుంది. అంటే నీలి వెలుగులో ప్రతి నాళమూ రెటీనా మీద నీడ వేస్తూనే ఉంటుంది. ఆ నీడ కదలదు కాబట్టి మెదడు దాన్ని లెక్క నుంచి తీసేస్తుంది. వీడియో కంప్రెషన్‌లో మారని బ్లాకుల్ని మళ్ళీ పంపనట్టే. కానీ అప్పుడప్పుడు ఒక తెల్ల కణం వస్తుంది. ఒక మైక్రోలీటర్ రక్తంలో ఎర్ర కణాలు దాదాపు 50 లక్షలుంటే తెల్లవి 4 వేల నుంచి 11 వేలే. తెల్ల కణం నీలాన్ని మింగదు. పైగా సైజులో పెద్దది, సన్నటి నాళంలో ఇరుక్కుంటూ వెళ్తుంది. దాని వెనక ఎర్ర కణాలు ట్రాఫిక్ జామ్‌లా పోగుపడతాయి. నీడలో కదులుతున్న ఒక కిటికీ అన్నమాట. ఆ కిటికీ తెల్ల చుక్క, వెనకున్న జామ్ నల్ల తోక. చూపు నడిమధ్యన నాళాలే లేవు, అందుకే అక్కడ చుక్కలూ లేవు.

1924లో రిచర్డ్ షీరర్ అనే జర్మన్ కంటి డాక్టర్ ఇది వైద్యానికి పనికొస్తుందని చెప్పాడు. అందుకే దీన్ని ఆయన పేరుతోనే పిలుస్తారు. శుక్లం బాగా ముదిరి డాక్టర్‌కి లోపలి రెటీనా కనిపించని పరిస్థితుల్లో, ఆపరేషన్‌కి ముందు ఇలాంటి నీలి లైటు చూపించి "చుక్కలు కదుల్తున్నాయా?" అని పేషెంట్‌ని అడిగే పరికరం ఉంది. కనిపిస్తున్నాయంటే లోపల రెటీనా పని చేస్తోందనడానికి ఒక ఆధారం. అంటే ఈ చుక్కలు కనిపించడం గుడ్ న్యూస్. "నా కళ్ళకేమైంది?" అని వెతుక్కుంటూ భయపడే వాళ్ళకి ఈ ఒక్క ముక్క ముందే చెప్తే ఎంత బాగుండు.

దీనికి ట్యాంకు కూడా అక్కర్లేదు. మబ్బుల్లేని రోజు కాలేజీ టెర్రస్ ఎక్కి, సూర్యుడు వీపు వైపు ఉండేలా నిలబడి ఖాళీ నీలాకాశం వైపు చూడండి (సూర్యుడి వైపు కాదు, దగ్గర్లోకి కూడా చూపు పోనివ్వద్దు). అవే చుక్కలు. "పట్టపగలే చుక్కలు చూపిస్తా" అని మనం బెదిరించుకుంటాం కదా. ఇవి ఒరిజినల్ పట్టపగటి చుక్కలు, ఎవరూ కొట్టకుండానే కనిపిస్తాయి.

వీటిని కంటి ముందు తేలే నలుసులతో కలపొద్దు. నలుసులు వేరే. అవి దారాల్లా, ఈగల్లా నల్లగా, సోమరిగా ఉంటాయి. కన్ను తిప్పితే వెంట వచ్చి, ఆపాక కూడా కాసేపు జారుతూ ఉంటాయి. అవి కంట్లో ఉండే జెల్లీ లాంటి పదార్థంలోని పోగుల నీడలు. పాతవి, అలవాటైనవి ఒకటీ రెండూ ఉంటే మామూలే. కానీ ఒక్కసారిగా గుంపుగా కొత్తవి వస్తే, చీకట్లో కూడా మెరుపులు మెరిసినట్టుంటే, చూపులో ఒక పక్క తెర దిగినట్టుంటే ఆ రోజే కంటి ఆసుపత్రికి వెళ్ళాలి. రెటీనా ఊడుతున్న గుర్తు కావచ్చు, ఆలస్యమైతే చూపు పోవచ్చు. "అదంతా భ్రమ" అనే రెండో బ్యాచ్ మీద నాకు కోపం ఇక్కడే. ఫ్రెండ్ చెప్పింది వినకుండా అన్నిటికీ ఒకే జవాబిస్తే, నిజంగా పరిగెత్తాల్సిన రోజున కూడా వాడు కూర్చునే ఉంటాడు.

బయటికొచ్చాక ట్యూబ్‌లైటు పచ్చగా కనిపించడానికి పెద్ద కథ లేదు. నీలం చూసీ చూసీ నీలపు కోన్లు అలిసి గొంతు తగ్గిస్తాయి, మిగతా రెండు రకాలు మామూలుగానే మాట్లాడతాయి. తెల్ల వెలుగులోంచి కొంచెం నీలం తీసేస్తే మిగిలేది పసుపు. కాసేపట్లో సర్దుకుంటుంది. పచ్చ కామెర్ల వాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందని మన సామెత. సామెత వాణ్ణి వెక్కిరిస్తుంది గానీ, నీలి ట్యాంకు ముందు పది నిమిషాలు నిలబడితే కామెర్లు లేని వాడికీ లోకం కాసేపు పచ్చగానే ఉంటుంది. నిజానికి ట్యాంకు ముందు ఉన్నప్పుడే ఈ అడ్జస్ట్‌మెంట్ మొదలైపోయింది. వచ్చినప్పుడు ఉన్నంత నీలంగా రెండో నిమిషంలో ఉండదు.

ఫోన్‌తో తీస్తే కథ ఇంకోలా నడుస్తుంది, మన గొడవలన్నీ అక్కడే. "నాకు చూస్తే ఆకుపచ్చగా, నారింజగా మెరిసింది, ఫోటోలో అంతా నీలం" అంటే పక్కవాడు ఫోటోని నమ్ముతాడు, మనిషిని నమ్మడు. ఫోన్‌కి వచ్చిన కష్టం ఏంటంటే, సెన్సార్‌లో నీలం పిక్సెల్స్ నిండిపోతాయి, ఎరుపు పిక్సెల్స్‌కి దాదాపు ఏమీ అందదు. నిండిపోయిన బకెట్‌లో ఇంకెంత పోసినా లెక్క మారదు. ఆటో వైట్ బ్యాలెన్స్ తెలుపు ఎక్కడుందో వెతుకుతుంది, అక్కడ తెలుపే లేదు. పగడాలు పెంచేవాళ్ళు దీనికి కెమెరా ముందు నారింజ రంగు ఫిల్టర్ పెట్టుకుంటారు. అది అదనపు నీలాన్ని ఆపేస్తే మెరుపులు బయటపడతాయి. చారల సంగతి వేరు. చాలా ఎల్‌ఈడీ లైట్లలో వెలుగు తగ్గించడమంటే సెకనుకి వందలసార్లు ఆర్పి వెలిగించడమే. ఫోన్ కెమెరా ఫ్రేమ్‌ని ఒకేసారి చూడదు, వరస తర్వాత వరస చదువుతుంది. కొన్ని వరసలు లైటు వెలిగినప్పుడు, కొన్ని ఆరినప్పుడు పడతాయి. అవే చారలు. మన కంటికి అవి కనిపించవు, కానీ చీకటి గదిలో చూపుని ఒక పక్క నుంచి ఇంకో పక్కకి టక్కున తిప్పితే లైటు ఒక చుక్కల గీతలా విడిపోయి కనిపించొచ్చు. ఇసక మీద పాకే వెలుగు గీతలు మాత్రం నిజంగా అక్కడ ఉన్నవే. నీళ్ళ పైన అలలు కటకాల్లా పని చేసి వెలుగుని పోగేస్తాయి. ట్యూబ్‌లైటు కింద అవి అంత పదునుగా రావు, ఎల్‌ఈడీ చిన్న చుక్క కాబట్టి వస్తాయి.

కొన్ని కంటివి, కొన్ని కెమెరావి, కొన్ని నీళ్ళవి. వీటిని విడదీయడం డీబగ్గింగ్ లాంటిదే. ఒక్కోదాన్ని మార్చి చూడాలి. తల తిప్పితే పోయిందా? దగ్గరికెళ్తే తగ్గిందా? ఫోన్‌లోనూ ఉందా? పక్కవాడికీ కనిపిస్తోందా? కోడ్ విషయంలో ఇవన్నీ అడుగుతాం. కంటి విషయానికి వచ్చేసరికి ఒక రీల్ చూసి తేల్చేస్తాం.

రీల్ అంటే గుర్తొచ్చింది, బ్లూ కట్ అద్దాలు. షాపులో డెమో చూసే ఉంటారు. ఒక పెన్ లాంటి లైటు, ఒక కార్డు. మామూలు లెన్స్ గుండా పెన్ వెలుగు కార్డు మీద పడి మచ్చ వస్తుంది, బ్లూ కట్ లెన్స్ పెడితే రాదు. అందరూ "వావ్" అని అదనపు డబ్బు కట్టేస్తారు. ఆ పెన్ సాధారణంగా 405 నానోమీటర్ల దగ్గర వెలిగే వయొలెట్. మన ఫోన్, ల్యాప్‌టాప్ స్క్రీన్ల నీలం 450 దగ్గర ఉంటుంది. 405ని ఆపే లెన్స్ 450ని చాలావరకు వదిలేస్తుంది. వదిలేయకపోతే అది తెల్లగా ఉండదు, పసుపో నారింజో అయిపోతుంది, ఇందాక చెప్పిన పగడాల వాళ్ళ ఫిల్టర్‌లాగా. నీలాన్ని బాగా ఆపుతూ నీటి చుక్కలా తెల్లగా ఉండే లెన్స్ ఎవరైనా అమ్ముతుంటే ఫిజిక్స్‌తో కూడా మాట్లాడుకుని వచ్చారేమో కనుక్కోండి.

2023లో కాక్రేన్ అనే సంస్థ ఈ అద్దాల మీద జరిగిన 17 పరీక్షల్ని కలిపి సమీక్షించింది. కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడు వచ్చే కంటి అలసటని ఇవి మామూలు అద్దాల కన్నా తగ్గిస్తాయని తేలలేదు. నిద్ర మీద ప్రభావం గురించీ గట్టిగా ఏమీ చెప్పలేమన్నారు. స్క్రీన్ ముందు కళ్ళు మండడానికి ముఖ్య కారణాల్లో ఒకటి చాలా సింపుల్, రెప్ప వేయడం మర్చిపోతాం. రాత్రి ప్రకాశవంతమైన నీలి వెలుగు నిద్రని వెనక్కి నెట్టగలదన్న మాట నిజమే. దానికి మందు రూమ్‌లో లైటు తగ్గించడం, ఫోన్ పక్కన పెట్టడం. నీలం గురించి నిజంగా జాగ్రత్త పడాల్సింది ఒక్కచోట. సముద్రపు ట్యాంకులకి వాడే హై పవర్ ఎల్‌ఈడీల్లోకి నేరుగా చూడకూడదు. ట్యాంకుని చూడండి, దీపాన్ని కాదు. అందులో వయొలెట్ ఎల్‌ఈడీలు కూడా ఉంటే, ఆ వెలుగుకి కంటి కటకమే స్వయంగా కొద్దిగా మెరిసి చూపు మీద పల్చటి పొగ పరిచినట్టు చేస్తుంది. చూడ్డానికి భలే ఉంటుంది గానీ, చూస్తూ కూర్చోవడానికి కాదు.

మన స్క్రీన్ల మీద నీలం వల్ల మనకి అసలు నష్టం ఎక్కడుందంటే, మనమే రాసే కోడ్‌లో. డార్క్ మోడ్ ఫ్యాషన్ వచ్చాక ప్రాజెక్ట్ ఎక్స్‌పోలో సగం యాప్‌లు నలుపు మీద ముదురు నీలం. చీకట్లో నియాన్‌లా కూల్‌గా ఉంటుందని. అక్షరం చదవడానికి వాడే నడిబొడ్డున నీలపు కోన్లు లేవని, నీలం ఫోకస్ కూడా కాదని చెప్పుకున్నాం కదా. లెక్క కూడా ఉంది. శుద్ధ నీలం వెలుతురు 0.0722, దానికి 0.05 కలిపి 0.05తో భాగిస్తే 2.44. నలుపు మీద ఆ నీలానికి వచ్చే కాంట్రాస్ట్ అంతే. వెబ్ ప్రమాణాలు మామూలు సైజు అక్షరాలకి అడిగేది కనీసం 4.5. అదే నీలం తెల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద అయితే 8.59 వస్తుంది, హాయిగా చదవొచ్చు. పాత వెబ్ పేజీల్లో నీలి లింకులు ఎవర్నీ ఇబ్బంది పెట్టకపోవడానికి కారణం పేజీ తెల్లగా ఉండటమే. నలుపు మీద పెట్టాలంటే ఆకాశం రంగుకి తేల్చాలి, కొంచెం ఆకుపచ్చ కలపాలి. ఎరుపు అక్షరాలు నీలం మీద పెట్టేవాళ్ళకి నా దగ్గర వేరే మాటలున్నాయి. చాలామంది కంటికి ఎరుపు ముందుకి, నీలం వెనక్కి వెళ్ళినట్టు కనిపించి వాక్యం మొత్తం గాల్లో ఊగుతుంది.

మన ఈ-పత్రిక డార్క్ మోడ్‌లో లింకులకి ప్రస్తుతం ఉన్నది అదే శుద్ధ నీలం. మార్చాల్సింది స్టైల్ ఫైల్‌లో ఒక్క లైన్. వెబ్ టీమ్‌కి పుల్ రిక్వెస్ట్ పంపి రెండు వారాలైంది, ఇంకా మెర్జ్ అవ్వలేదు.